రుచి చూడని పులుసు

ఎదురింటి అప్ప నా వంటింటి గుమ్మం బయట నిలబడి, లోపలికి రావచ్చా అని అడిగింది. చిన్నప్పుడు ఆమె ఎన్నడూ అలా అడిగి ఎరగదు. తలుపు తీసి ఉంటే చాలు, నేరుగా వచ్చి మా అమ్మ పక్కన పీట వేసుకునేది.

యాంగోన్‌లో, లత పేటలో, మా మేడ మూడో అంతస్తులో రెండే గుమ్మాలు. ఒకటి మాది, ఎదురుగా ఉన్నది వాళ్లది. మేం తెలుగువాళ్లం, వాళ్లు చైనావాళ్లు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రేవులో మూటలు మోయడానికి వచ్చాడు. వాళ్ల తాత ఇంకో సముద్రం మీంచి వచ్చి కింద వీధిలో నూడుల్స్ కొట్టు పెట్టాడు. ఆ కొట్టు ఇప్పుడు అప్ప వాళ్ల అన్న చేతిలో ఉంది. ఆయన్ని నేను బర్మా పద్ధతిలో అకో అంటాను. అన్న అని అర్థం. ఆమెను మాత్రం మొదటినుంచీ అప్ప అనే పిలిచాను. మా ఇళ్లలో అక్కను అలాగే అంటాం. వాళ్లిద్దరూ మా అమ్మను పిన్ని అనేవాళ్లు. ఆమెకు తెలుగు వచ్చు. మా అమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్న తెలుగు కాబట్టి అందులో వంటింటి మాటలూ తిట్లూ ఎక్కువ.

వయసులో ఉండగా పెళ్లి చేసుకుని ఇంగ్లండు వెళ్లిపోయింది. పెళ్లికొడుకు హాంకాంగ్ మనిషి. ఆ దేశపు ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఓ చిన్న ఊళ్లో వాళ్లకు చైనా వంటల కొట్టు ఉండేది. అక్కడ కూర్చుని తినరు, డబ్బాల్లో కట్టించుకుని ఇళ్లకు పట్టుకెళతారు. జీవితమంతా ఆ కొట్టు పొయ్యి ముందు నిలబడి, భర్త పోయాక కొట్టు మూసేసి, జుట్టు తెల్లబడ్డాక మళ్లీ మా మెట్లు ఎక్కింది.

"ఒలే సెల్లీ, నీ పొయ్యి ఒక్క పూట ఇస్తావేటి?" అంది.

"దానికి అడగాలా అప్పా? ఏటి వండుతావు?"

"సిప్స్. దాని మీద కూర పులుసు. మా యమ్మకి."

వాళ్లమ్మ పోయి చాలా ఏళ్లయింది. వచ్చే వారం వాళ్ల లెక్కలో ఆమె పోయిన తిథి. మనం తద్దినం పెట్టినట్టే వాళ్లూ ఆ రోజు బల్ల వేసి, చనిపోయినవారి పటం ముందు భోజనం పెడతారు. అమ్మ పోయినప్పుడు అప్ప రాలేకపోయింది. ఆ తిథికి ఆమె పుట్టింట్లో ఉండడం ఇదే మొదలు.

"మీ ఇంట్లో పొయ్యి లేదేటి?"

"మా అన్న తగలనివ్వడే. ఆ తిండి ఇంగ్లీసోళ్ల కుక్కలకి పెట్టుకో, అమ్మ బల్ల మీద పెట్టకు అన్నాడు."

అని నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. పీట మీద కూర్చున్నాక అసలు సంగతి చెప్పింది. వాళ్లమ్మ బతికి ఉన్నన్నాళ్లూ ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే అడిగేదట. తెల్లవాళ్లు నీ చేతి వంట ఏం తింటున్నారే, ఈసారి వచ్చినప్పుడు నాకూ వండి పెట్టు అని.

"నాకు సిగ్గేసేది సెల్లీ. అది తిండి కాదమ్మా, నీ కోడి పులావు ముందు అదేటి అనీదాన్ని. ఆవిడ ఇనీది కాదు. నీ సేత్తో వండినాక తిండి కాకపోడమేటి అనీది. పెడతాను పెడతాను అని, పెట్టకుండానే పంపించీసినాను."

అప్ప నన్ను అడిగింది అంతే. అమ్మ బల్ల మీద ఒక్క గిన్నె.

నేను పొయ్యి వైపు చూశాను. నా పొయ్యి మీద శనివారం భజనకు నైవేద్యం వండుతాను. మంత్రం తీసుకున్న రోజునుంచి మా ఇంట్లోకి మాంసం రానివ్వలేదు. అది ఆమెకూ తెలుసు.

"బంగాళాదుంపలే కదే. పులుసులో ఉల్లిపాయలే. నీ సామికి మైల రానిస్తానా?" అంది.

మా నాన్న నాకు బడి చదువుతో పాటు మందిరంలో పారాయణం నేర్పించాడు. ఇప్పటికీ ఆదివారాలు పిల్లలకు శ్లోకాలు నేనే చెబుతాను. పిల్లలకు తెలుగు వింటే అర్థమవుతుంది, జవాబు మాత్రం బర్మా భాషలో వస్తుంది. శాస్త్రం నాకు నేర్పినదాంట్లో దేవరుణం తర్వాత చెప్పేది పితృరుణమే. పోయినవాళ్లకు అన్నం పెట్టడం ఏ కులానిదైనా, ఏ దేశానిదైనా పుణ్యకార్యమే. అది నేను ఎవరినీ అడగక్కర్లేదు. అయినా సాయంత్రం మా ఆయనతో చెప్పాను. పక్క పేట పబేడాన్‌లో మా నాన్న పెట్టిన పప్పుల కొట్టు ఇప్పుడు ఆయనే చూసుకుంటున్నారు.

"ఏటే, సైనా ముసలమ్మకి మన పొయ్యి మీద తద్దినమా?" అన్నారు.

"తల్లికి పెట్టుకుంటానని పొయ్యి అడిగితే లేదంటానా? ఏ దేవుడు ఒప్పుతాడు?"

"నాను కాదన్నానేటి? దుంపలు కొట్టు దగ్గిరినించి పంపీమంటావా అని అడుగుతన్నాను."

మర్నాడే దుంపలు వచ్చాయి. వాటితో పాటు మెంతులూ ఆవాలూ పసుపూ పొట్లాలు కట్టి పంపారు. ఏం కావాలో అప్పే కొట్టుకు వెళ్లి చెప్పిందట. కూర పొడి ఒక్కటి ఉంటే చాలు కదా, మెంతులు ఎందుకా అనుకున్నాను.

తిథి రోజు పొద్దున్నే వచ్చింది. కరెంటు ఉండే వేళ చూసుకుని ఇద్దరం దుంపలు చెక్కు తీయడానికి కూర్చున్నాం. అప్పుడే నేను అడిగాను, ఆ దేశంలో మీ వంట ఎలా అలా అయిపోయింది అని. నాకు తెలిసిన చైనా వంట ఈ వీధిలోదే. నేను తినకపోయినా వాసన పట్టి ఏ గిన్నెలో ఏముందో చెప్పగలను. ఒకసారి సింహాచలం దర్శనానికి వెళ్లినప్పుడు విశాఖలో రోడ్డు పక్క బండి మీద "చైనీస్" అని రాసి ఉంది. గోబీ మంచూరియా అట, శాకాహారమేనట. మా మరదలు కొనిపెట్టింది. ఎర్రగా, కారంగా, అల్లం వెల్లుల్లితో బాగానే ఉంది. తిరిగి వచ్చాక అకోతో చెబితే, చాలాసేపు ఆలోచించి, "అది ఏ ఊరి చైనా?" అని అడిగాడు.

అప్ప చెప్పింది. వాళ్ల మామగారు మొదట ఓడ మీద వంటవాడు. రేవులో దిగిపోయి, కొన్నాళ్లు బట్టలు ఉతికే కొట్టులో పనిచేసి, చివరికి చేపలు వేయించి అమ్మే ఒక తెల్లవాడి కొట్టు తీసుకున్నాడు. కొట్టుతో పాటు నూనె కడాయిలూ, వాడుక మనుషులూ కూడా వచ్చారు. వాళ్లకు కావలసింది చేపా, వేలంత లావున కోసి వేయించిన బంగాళాదుంప ముక్కలూ. వాటిని వాళ్లు చిప్స్ అంటారు. వాటిని ఆపితే కొట్టు ఆగిపోతుంది. అందుకని అవి ఉంచి, గోడ మీద కింది వరసలో చైనా వంటలు రాయించాడు.

"తెల్లోళ్లు భయపడేవోరే సెల్లీ. ఎముకుంటే భయం. సేపకి తలకాయుంటే భయం. అందుకే ఎముక తీసీసి, ముక్క సిన్నది సేసి, పిండిలో ముంచి ఏపీవోడు మా మాఁవ. ఎర్ర పులుసు పోసీవోడు, సగం పంచదార. అన్నీ కలిపి ఏపి సాప్‌సూయ్ అనీవోడు. పచ్చి మొలకలు దొరికీవి కాదు, డబ్బాలో నీళ్లలో నానినవి వొచ్చీవి. అయ్యే ఏసీవోడు."

"మీరూ అదే తినేవారా?"

"సీ! కొట్టు కట్టీసినాక ఎనకాల గదిలో మా కూడు మాకుండేది. సేప తలకాయ మాఁవకి."

ముందు గదిలో ఒక వంట, వెనక గదిలో ఒక వంట. మధ్యలో ఒక గుడ్డ తెర. ఆ తెర ఇవతల ఆమె జీవితం గడిచిపోయింది. తర్వాత కాలం మారింది. ఆ దేశపు పిల్లలే ఊళ్లు తిరిగి వచ్చి, కర్రపుల్లలతో తినడం నేర్చుకుని, ఎముకలున్నది కావాలి, నాలుక మొద్దుబారే మిరియాలు కావాలి అనడం మొదలుపెట్టారు. పెద్ద ఊళ్లలో అలాంటి హోటళ్లు వచ్చాయి. ఒక కుర్రవాడు అప్ప కొట్టుకు వచ్చి, గోడ మీది వరస చదివి, ఇది అసలైన చైనా తిండి కాదు కదా అని ఎంతో మర్యాదగా అన్నాడట.

"ఆడు పుట్టకముందునించీ నాను ఆడి తాతకి పొట్లం కట్టినాను. ఆడికి అసలు తిండి కావాలంట. ఇక్కడికొస్తే మా అన్నదీ అదే పాట. ఇద్దరికీ నకిలీదాన్నే. ఏటి సేస్తాం?"

కత్తి ఆపకుండానే అంది ఈ మాట. ముక్కలన్నీ ఒకే లావు, ఒకే పొడవు. చూడకుండా కోస్తోంది.

తర్వాత బాణలి పెట్టి మెంతులు వేయించింది. ఆవాలు చిటపటమన్నాయి. ఉల్లిపాయ పడింది, పసుపు పడింది. చింతపండు నానబెట్టావా అని నన్ను అడిగింది. నేను గరిట పట్టుకుని అలా నిలబడిపోయాను. ఆ వాసన మా అమ్మ చేపల పులుసుది. చేప లేదు, అంతే.

"ఇదేటి అప్పా?"

"మరేటనుకున్నావు? తెల్లోళ్లు కూర కావాలి, కూర కావాలి అని పేణం తీసీవోరు. ఆళ్ల తాతలు ఇండియాలో తిని మరిగినారు గదా. మా ఆయనకి కూరంటే తెలవదు. పొడి డబ్బా తెచ్చి నీళ్లలో కలిపి, పిండేసి సిక్కబరిసీవోడు. మందులాగుండేది. అప్పుడు పిన్ని గేపకమొచ్చింది. పిన్ని ఎలాగ సేసేదో అలాగ సేసినాను. పక్క ఊళ్లనించి కార్లేసుకుని వొచ్చీవోరే!"

మా అమ్మ ఊరి శివారున ఉన్న ఇన్సేన్ కన్నా దూరం వెళ్లలేదు. ఆ తల్లి పులుసు, పేరు మార్చుకుని, చైనా డబ్బాలో ఎక్కి, పొగమంచులో తెల్లవాళ్ల ఇళ్లకు వెళ్లిందని విన్నప్పుడు నా కళ్లు చెమర్చాయి. స్వామి ఎవరి చేతి అన్నం ఎక్కడ పంచుతాడో మనకు తెలియదు. ఆమె పనిలో ఉంది.

ఉడుకు పట్టాక ఆమె అలవాటుగా గరిట అంచున కొంచెం తీసుకుని పెదవి దగ్గరకు తెచ్చింది. నేను చెయ్యి పట్టుకున్నాను.

"అప్పా! రుచి చూడకూడదు. అమ్మకి పెట్టేది."

"ఏం?"

"నైవేద్యం రుచి చూడం. తద్దినం వంటా అంతే. వాళ్లు తిన్నాకే మనం. ముందు మన నాలిక తగిలితే ఎంగిలి."

ఆమె నా మొహం చూసి, పులుసు చూసి, గరిట దించేసింది. "నీ ఇల్లు, నీ మాట" అంది. జీవితంలో రుచి చూడకుండా ఒక్క గిన్నె పొయ్యి దించని మనిషి నా మాట మన్నించి నోరు కట్టుకుంది. నాకు అదొక పెద్ద మర్యాదగా తోచింది. మాటిమాటికీ వాసన పీల్చి చూసుకుంటూ, దుంపలు వేయించి గిన్నెలో వేసి, వాటి మీద పులుసు పోసి, మూత పెట్టి ఎదురింటికి పట్టుకెళ్లాం.

అకో గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఆయన మనిషి పొడుగు, మాట పొట్టి. అందరం సగం బర్మా భాషలో, సగం తెలుగులో మాట్లాడుకున్నాం.

"వద్దని చెప్పాను" అన్నాడు.

"నువ్వు వద్దన్నావు. అమ్మ అన్లేదు."

"ఈ బల్ల మీద తాత కాలం నుంచి ఏం పెడుతున్నామో అదే పెట్టాలి. ఊళ్లో చైనావాళ్ల మీద గొడవలు జరిగి, కొట్టు మీది చైనా అక్షరాల బోర్డు దించేసిన రోజుల్లో కూడా, తలుపులు వేసుకుని ఇదే పెట్టాం. నువ్వు లేవు అప్పుడు."

"లేను. అందుకే ఇప్పుడు పెడతన్నాను. కావలిస్తే అమ్మనే అడుగు."

ఆయన పటం వైపు ఒకసారి చూసి, "సరే. అడుగుతాను. కాదంటే తీసేస్తాను. ఇంక ఆ మాట ఎత్తకూడదు" అన్నాడు.

"ఎత్తను" అంది అప్ప.

అడగడం అంటే వాళ్లకు ఒక పద్ధతి ఉంది. నెలవంకల్లా చెక్కిన రెండు చెక్క ముక్కలు ఉంటాయి, ఒక వైపు చదును, ఒక వైపు గుండ్రం. పెద్దలు తిని తృప్తిపడ్డారా అని మనసులో అడిగి నేల మీద వేస్తారు. ఒకటి చదునుగా, ఒకటి గుండ్రంగా పడితే అవును. రెండు గుండ్రాలూ పైకి పడితే కాదు.

బల్ల మీద నిండు చేప ఉంది, కోడి ఉంది, పంది మాంసం ఉంది, నారింజలూ టీ కప్పులూ ఉన్నాయి. మా గిన్నెను ఆయన చివర, నారింజల వెనక పెట్టించాడు. అగరుపుల్లలు వెలిగించారు. నేను గుమ్మం దగ్గర నిలబడి, నాకు వచ్చిన నామం నేను చెప్పుకున్నాను. పుల్లలు సగానికి వచ్చాక అకో మోకాళ్ల మీద కూర్చుని చెక్కలు వేశాడు. రెండు గుండ్రాలు. మళ్లీ వేశాడు. మళ్లీ అదే. మూడోసారి ఒక చెక్క దొర్లి బల్ల కాలికి తగిలి ఆగింది. అదీ గుండ్రమే.

ఆయన చెల్లెలి వైపు చూడలేదు. గెలిచిన మొహం కూడా కాదు అది. లేచి, నారింజలు జరిపి, గిన్నె తీశాడు. అప్ప రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, పటం వైపు చూస్తూ, కుర్చీలో కూర్చుంది. ఏడవలేదు. ఆమె ఏడిస్తే నాకు కొంచెం తేలికగా ఉండేది. వాళ్లమ్మ ఇన్నేళ్లు అడిగి అడిగి, తీరా పెడితే వద్దందని ఆమె నమ్మింది. నేనూ నమ్మాను. పోయినవాళ్లు మాట్లాడతారన్నది నాకు సందేహం లేని విషయం.

గిన్నె వంటింట్లోకి తీసుకెళుతూ ఆయన మూత తీశాడు. వంటవాడి చెయ్యి ఊరుకోదు. చిటికెన వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు. అక్కడే ఆగిపోయాడు.

"ఉప్పు!" అన్నాడు.

మేమిద్దరం తల తిప్పాం.

"ఉప్పే ఇది! ఇది పెట్టే ఇన్నేళ్లు కొట్టు నడిపావా? ఆ తెల్లవాళ్లు బతికే ఉన్నారా?"

అప్ప ఒక్క ఉదుటున లేచి వెళ్లి వేలు ముంచింది. మొహం ముడుచుకుపోయింది. మెల్లగా నా వైపు తిరిగింది.

"సెల్లీ, నువ్వు గాని ఉప్పేసినావేటి?"

వేశాను. చింతపండు రసం పోసినప్పుడే ఉప్పు వేయడం మా ఇంటి పద్ధతి. ఆమె దుంప ముక్కలు ఆరబెడుతుంటే నేను రసం పోశాను, చెయ్యి దానంతటదే ఉప్పు డబ్బాలోకి పోయింది. అంతకు ముందే ఆమె ఉల్లిపాయల మీద ఉప్పు వేసి, ఉప్పటి సోయా సాస్ కూడా పోసి ఉంది. ఎవరి కొలత వాళ్లది. మామూలు రోజైతే ఒక్క చుక్క నాలిక మీద వేసుకుంటే తెలిసిపోయేది.

"రుచి చూడలేదా?" అని అడిగాడు అకో.

"ఈవిడ సూడనివ్వలేదు."

"ఎందుకు?"

చెప్పాను. దేవుడికీ పితృదేవతలకీ పెట్టేది ఎంగిలి కాకూడదని, మా పెద్దలు అలా నేర్పారని, తరతరాలుగా ఆ నియమం తప్పలేదని. ఆయన అంతా విన్నాడు.

"మీ దేవుడు మొహమాటస్తుడు అయి ఉంటాడు. ఎలా ఉన్నా తింటాడు. మా అమ్మ మొహమాటం ఎరగదు" అన్నాడు. "నేను చిన్నప్పుడు పులుసు చప్పగా చేస్తే గిన్నె నా నెత్తి మీద బోర్లించింది. పెద్దవాళ్ల ముందు పెట్టేది ముందు మనం చూసి పెట్టాలి. చూడకుండా పెడితే అది అవమానం."

నా నియమం నాది. రేపు శనివారం మందిరానికి పులిహోర చేసినా నేను రుచి చూడను. చేతి అంచనా తప్పితే క్షమించమని స్వామినే అడుగుతాను. కానీ ఆమె తల్లికి ఆమె పెట్టుకునే గిన్నె మీద నా నియమం వేసినప్పుడు, ఆ తల్లి ఎలాంటి మనిషో నేను ఒక్క క్షణమైనా తలుచుకోలేదు. నేను ఎరిగిన మనిషే. అన్నం మెత్తబడిందని కొడుకుతో వారం రోజులు మాట్లాడని మనిషి.

అప్ప కింద కూర్చుని అప్పటికే నవ్వుతోంది, కళ్లు తుడుచుకుంటోంది, రెండూ ఒకేసారి. "అయితే అన్నా, అమ్మ వొద్దన్నది..." అని మొదలుపెట్టింది.

"అమ్మ ఏమందో నాకు తెలియదు" అని ఆయన అడ్డుపడ్డాడు. "చెడిపోయిన వంట ముందు పెట్టి అడగడం అడగడం కాదు. మాట మాటే. సరిగ్గా వండి పెట్టు. అప్పుడు కాదంటే కాదు. కిందికి రా."

ఆ మధ్యాహ్నం ఆయన కొట్టు మూసి ఉంది, తిథి కదా. వెనక తలుపు తీసి పెద్ద పొయ్యి వెలిగించాడు. అప్ప ఆ పొయ్యి ముందు నిలబడేసరికి వేరే మనిషి అయిపోయింది. భుజాలు సర్దుకుంది, కొంగులాంటి గుడ్డ ఒకటి నడుముకు బిగించింది. గోడకు వేలాడే ఇనప కడాయి ఒకటి దించబోతే ఆయన ఆపాడు.

"అది వద్దు. దానికి పంది కొవ్వు పట్టి ఉంది." నా వైపు తిరిగి, "నీ గిన్నె, నీ బాణలి తీసుకురా. లేకపోతే నువ్వు ఏం తింటావు?" అన్నాడు.

నేను మెట్లు ఎక్కుతుంటే కాళ్లు తేలికగా ఉన్నాయి. అంత కోపంలో ఉన్న మనిషికి ఎదురింటి ఆడమనిషి ఆచారం గుర్తుండడం మాటలు కాదు.

తిరిగి వచ్చేసరికి ఇద్దరూ పోట్లాడుకుంటున్నారు.

"దుంపలు ఒకసారి వేయిస్తే చాలదు. దించి, ఆరనిచ్చి, రెండోసారి వెయ్యి."

"నాకు నేర్పుతావేటి? నాను ఏపిన దుంపలు పరిస్తే ఈ వీధి నిండిపోద్ది."

"పంచదార ఎందుకు?"

"కొద్దిగే."

"ఎందుకని అడిగాను."

"పులుపు కడుపులో పొడవకుండా. సూడు, సూసి మాట్లాడు."

గరిట ఆయన నోటి దగ్గర పెట్టింది. ఆయన చప్పరించాడు. మళ్లీ గరిట అందుకుని తనే కొంచెం తీసుకున్నాడు. పొయ్యి మంట తగ్గించాడు.

"ఇది ఎదురింటి పులుసు" అన్నాడు. "నాకు విషజ్వరం వచ్చి లేచినప్పుడు పిన్ని అన్నంలో కలిపి పెట్టింది. ఇది తెల్లవాళ్ల తిండి అని చెప్పావేం?"

"నానెప్పుడు సెప్పినాను? నువ్వే అన్నావు."

ఆయన ఇంకో గరిట తీసుకుని, "కొంచెం అల్లం పడాలి" అన్నాడు.

"పడదు. అమ్మకి ఇలాగే పెడతాను. నాను అక్కడ వండింది ఇలాగే."

నేను ఇద్దరినీ చూశాను. అల్లం ముక్క ఆయన చేతిలోనే ఉంది. కూరలు కోసే పలక మీద పెట్టాడు. తర్వాత తీసి గూట్లో పడేశాడు.

మళ్లీ పైకి వచ్చాం. కొత్త అగరుపుల్లలు వెలిగించారు. ఈసారి గిన్నె పట్టుకుని అప్ప నారింజల వైపు నడుస్తుంటే ఆయన చేపను ఒక పక్కకీ కోడిని ఒక పక్కకీ జరిపి, మధ్యలో చోటు చేశాడు. "అక్కడ చెయ్యి అందదు అమ్మకి" అన్నాడు. నెలవంక చెక్కలు తీసి చెల్లెలి చేతిలో పెట్టాడు.

పెళ్లయి ఇంకో ఇంటికి వెళ్లిన ఆడపిల్ల వాటిని వేయదు వాళ్ల ఇంట్లో. ఆమె తడబడింది.

"నువ్వు వండావు. నువ్వే అడుగు."

ఆమె మోకాళ్ల మీద కూర్చుంది. వాళ్ల భాషలో చాలాసేపు మాట్లాడింది. నాకు అందులో ఒక్క మాట కూడా తెలియదు. మధ్యలో ఒకచోట అకో ముక్కు చీదాడు. నేను కళ్లు మూసుకుని నా స్వామిని నా భాషలో అడిగాను, ఈ తల్లీ కూతుళ్ల మధ్య నువ్వే ఉండు తండ్రీ అని. చెక్కలు నేల మీద పడిన చప్పుడుకు కళ్లు తెరిచాను.

రెండూ చదును వైపు పైకి పడి ఉన్నాయి.

అవునూ కాదు, కాదూ కాదు. నాకు అర్థం కాక అకో మొహం చూశాను. ఆయన వంగి ఆ చెక్కల్ని అలాగే చూస్తున్నాడు.

"ఇలా పడితే నవ్వుతున్నారని" అన్నాడు. "అమ్మ నవ్వుతోంది. జవాబు చెప్పదు. మళ్లీ అడగాలి."

అప్ప చెక్కలు ముట్టుకోలేదు.

"అడగవేం?"

"నవ్వనీ అన్నా. ఎన్నాళ్లయిందో."

"దుంపలు మెత్తబడిపోతున్నాయి" అన్నాడు ఆయన వంటవాడి గొంతుతో.

"పడనీ. డబ్బాలో కట్టి ఇంటికి పట్టుకెళ్లేసరికి అక్కడా మెత్తబడీవే. ఆళ్లకి అలాగే ఇష్టం."

ఆయన గోడ వారనున్న కుర్చీ లాక్కుని, చెల్లెలి పక్కన, పటానికి ఎదురుగా కూర్చున్నాడు. నాకూ ఒక పీట చూపించాడు. పుల్లలు కాలుతున్నాయి. పులుసు మీంచి ఆవిరి లేస్తోంది. చెక్కలు నేల మీద అలాగే ఉన్నాయి. ముగ్గురికీ ఆకలిగా ఉంది, ఎవరం లేవలేదు.